మల్లప్ప బావిలో మగ్గం చప్పుడు

మగ్గాల వీధి చివర కంపచెట్ల మధ్యన మల్లప్ప బావి ఉంది చూడండి, నోటి మీద బండ కప్పి ఉంటుంది, పొద్దు వాలితే గొర్రెల వాళ్లు కూడా మందను అటు తోలరు, అరమైలు చుట్టు తిరిగైనా వస్తారు. ఆ బావి కథ అడిగారు కాబట్టి తారీఖుతో సహా చెబుతాను. పందొమ్మిదివందల డెబ్బై నాలుగు, అక్టోబరు పదిహేడు, గురువారం. అమావాస్య పోయి రెండో రోజు, అంటే దసరా మొదలైన రెండో రోజు. పొద్దున మబ్బు లేదు, గాలి లేదు, వీధిలో ఆరగట్టిన పడుగు మీద ఒక్క దారం కదల్లేదు. పదకొండుకల్లా దక్షిణం నల్లబడింది, రెండింటికి సన్నగా పట్టుకుంది, మూడు దాటేసరికి మిద్దెల తూముల్లోంచి నీళ్లు ఏనుగు తొండాల్లాగా దిగుతున్నాయి. అంత వాన ఈ సీమలో ఎవరు చూశారు? చూసినవాళ్లు సంతోషపడ్డారు. మనకు వాన పడితే సంతోషపడటమే తెలుసు కదా, భయపడటం అప్పటికి ఇంకా నేర్చుకోలేదు.

ఇప్పుడంటే ఆ వీధిలో కరెంటు మగ్గాలు దడదడలాడుతున్నాయి గానీ అప్పుడు ముప్పై ఇళ్లలోనూ గుంట మగ్గాలే. నేలలో మోకాళ్ల లోతు గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టుకుని, నేలమట్టానికి కూర్చుని నేసేవాళ్లు. నాడె అటునుంచి ఇటు పోతుంది, పేక పడుతుంది, దాన్ని దగ్గరకు తోసే పలక ఒకటి ఉంటుంది, ఆ పలక దెబ్బే మగ్గం చప్పుడు. ఇంతమాత్రం తెలిస్తే మీకు కథ అర్థమవుతుంది. ఒక్కొక్కడి దెబ్బ ఒక్కో తీరు. కళ్లు మూసుకుని వీధిలో నడిస్తే ఎవరి వాకిట్లో ఉన్నామో చెప్పొచ్చు. పెళ్లైన కొత్తలో అల్లుడి స్వభావం ఎట్లాంటిదో మామలు దెబ్బ విని చెప్పేవాళ్లట, అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు, మా మామ చెప్పింది మాత్రం తప్పయింది.

మల్లప్ప దెబ్బ అందరికంటే వేరు. ఆయనకు ఎడమకాలు సన్నం, చిన్నప్పుడు జ్వరమొచ్చి చచ్చుబడింది. తొక్కుడుచెక్కను ఆ కాలితో తొక్కేటప్పుడు ఒక క్షణం ఆలస్యమయ్యేది. కాబట్టి రెండు దెబ్బలు దగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. టక్ టక్... టక్. ఆయన తమ్ముడు సోమప్ప రెండిళ్ల అవతల కూర్చుని తన నాడె తోస్తూ ఆ కుంటి దెబ్బ వినకపోతే నేతే సాగదనేవాడు. అన్న అంటే ఆయనకు అంత. తండ్రి తొందరగా పోతే, ఆ సన్నకాలితోనే నేసి తమ్ముణ్ణి పెంచి పెళ్లి చేసినవాడు మల్లప్ప.

ఆ మల్లప్ప శ్రావణమాసంలో పోయాడు. ఎట్లా పోయాడు? తన పెరట్లో బావి దగ్గర పాచి మీద కాలు జారి అందులో పడ్డాడు. తీసేటప్పటికి ప్రాణం లేదు. ఇంట్లో మిగిలింది భార్య గౌరమ్మ, కూతురు చౌడేశ్వరి, చౌడి అని పిలిచేవాళ్లు, పంతొమ్మిదేళ్లది. మగ్గం మీద రెండు మూరలు తక్కువగా ఆగిపోయిన చీర మిగిలింది.

ఇప్పుడు ఈ ఆగిన చీర సంగతి వినండి. నేసేవాడు మధ్యలో పోతే పడుగు కోసెయ్యకూడదు. కొడుకు పూర్తి చెయ్యాలి, కొడుకు లేకపోతే తమ్ముడు. ఆ చీర మహర్నవమి లోపల వీధి అమ్మవారు చౌడమ్మ తల్లికి కట్టాలి. కట్టేదాకా పోయినవాడు గుంట వదిలి కదలడని ఈ వీధి నమ్మకం. ఇంకొక కట్టడి కూడా ఉండేది. ఆడవాళ్లు కండెలు చుట్టొచ్చు, గంజి పెట్టొచ్చు, ఎండలో పడుగు సాగదియ్యొచ్చు, మగ్గం పనిలో ముక్కాలు వంతు వాళ్లదే, గుంటలో మాత్రం కాలు పెట్టకూడదు. గుంట అమ్మవారి ఒడి అట. ఆమె ఒడిలో ఆడపిల్ల కూర్చుంటే ఆమెకు ఏం నొప్పో ఎవరూ అడగలేదు.

సోమప్ప చీర పూర్తి చెయ్యాలి. పదకొండో రోజు అయ్యాక ఒకనాడు పోయి కూర్చున్నాడు కూడా. గుంటలో కాళ్లు పెట్టగానే మడమకు ఒక పల్లం తగిలింది. ముప్పై ఏళ్లు అన్న మడమ రాసుకుని రాసుకుని ఆ మట్టిలో పడిన పల్లం. కుడివైపు లోతు, ఎడమవైపు గీత మాత్రమే. సోమప్ప లేచి వచ్చేశాడు, గోడ పట్టుకుని ఏడ్చాడు, రేపు కూర్చుంటా వదినా అన్నాడు. ఆ రేపు భాద్రపదమైంది, ఆశ్వయుజమైంది. గౌరమ్మ రెండుసార్లు అడిగింది, మూడోసారి అడగలేదు.

ఆ గురువారం మూడు గంటలకు గౌరమ్మ గూడుబండి కట్టించుకుని వంక అవతల పుట్టింటికి బయల్దేరింది. బండి దస్తగిరిది. తలుపుకు బీగం వేసి ఉంది. సోమప్ప నెత్తిన గోనెపట్టా వేసుకుని వచ్చి, వాన పెద్దదయ్యేటట్టుంది, రేపు పోరాదా వదినా, పాప యాడుంది అని అడిగాడు. గూటి తెర కొంచెం జరిపి, లోపల పండుకోనుందప్పా, తలనొప్పంట, మాయమ్మకు బాగలేదని కబురొచ్చింది, తెల్లారి వస్తాం అని చెప్పింది గౌరమ్మ. దస్తగిరి ఎద్దుల్ని అదిలించి, వాన కాదు సోమన్నా, ఈ దేశానికి పట్టిన దరిద్రం కడుక్కుపోతాంది, పోనీలే అన్నాడు. అదే ఆయన ఈ వీధిలో అన్న చివరిమాట.

దీపాలు పెట్టేవేళకు పైన మొండిచెరువు కట్ట తెగింది.

నీళ్లు రావటం ఎవరూ చూడలేదు, విన్నారు. ముందు ఉరుమనుకున్నారు, ఉరుము ఆగుతుంది కదా, ఇది ఆగలేదు. పిల్లల్ని చంకనెత్తుకుని అందరూ బడి మిట్ట ఎక్కారు. మిట్ట మీదనుంచి చూస్తే వీధి లేదు, మిద్దెల అంచులు నల్లగా కనిపిస్తున్నాయి, ఒక్కో మిద్దె తడిసి తడిసి కూర్చున్న గొడ్డులాగా కూలబడుతోంది. సోమప్ప భార్య ఈరమ్మ తమ ముగ్గురు పిల్లల్నీ లెక్క చూసుకుని, అక్కా చౌడీ ముందే పోయినారు, అమ్మవారు సల్లగా చూసింది అనిందట. ఎవరి నోట ఏ మాట ఎప్పుడు వస్తుందో చూడండి.

శుక్రవారం పొద్దుటికి నీళ్లు నడుము లోతుకు దిగాయి. మధ్యాహ్నం ఎవరో వచ్చి తాటితోపు దగ్గర దస్తగిరి బండి బోర్లా పడి ఉందని చెప్పారు. సోమప్ప పరిగెత్తాడు. కాడి విరిగి ఉంది, ఒక ఎద్దు మెడతాడుతోనే చచ్చి ఉంది, రెండు చెట్ల మొదళ్ల మధ్యన దస్తగిరి ఇరుక్కుని ఉన్నాడు. గూడు లేదు. వదినె లేదు, పిల్ల లేదు. వంక ఇంకా కొబ్బరిచెట్టంత లోతున పారుతోంది, అవతలి గట్టుకు కేక వేస్తే కేక మధ్యలోనే మునిగిపోతోంది. ఇంక అర్థం కావటానికి ఏముంది? వీధి మొత్తానికి అర్థమైంది. సోమప్ప మాత్రం దుంగలు ఎత్తి చూశాడు, కంపలు పెరికి చూశాడు, ఇసుక మేటల్లో మోచేతి దాకా చెయ్యి దూర్చి దూర్చి చూశాడు. బతికి ఉంటారని కాదు. మనవాళ్లను కూర్చోబెట్టి సమాధి చేస్తారు, ఆ కూర్చోబెట్టటానికి ఒళ్లు కావాలి కదా. అన్న పోయినప్పుడు చీర ఒకటి అప్పగించి పోయాడు, అది చెయ్యలేదు. ఇప్పుడు ఆయన భార్యాబిడ్డల్ని కూడా వంకకు ఇచ్చేసి ఏ మొహం పెట్టుకుని బతకాలి?

శనివారం వీధి శుభ్రం చెయ్యటం మొదలుపెట్టారు. అది చూడాల్సిన పని కాదు. ప్రతి ఇంట్లోనూ మోకాలి లోతు ఒండ్రు, అందులో కోళ్లు, కుండలు, నానిపోయి పేగుల్లాగా చుట్టుకున్న నూలు. గుంటలు నిండిపోయాయి, ఏది గుంటో ఏది నేలో తెలియక కాలు దిగబడేది. ఒకరి గుంట ఇంకొకరు తవ్వకూడదు, అది కూడా కట్టడే, ఎవరి గుంట వాళ్లే దోసిళ్లతో ఎత్తాలి, పార పెట్టకూడదు. ముసలివాళ్లు తమ గుంటల్లో బోర్లా పడుకుని చేతులతో ఒండ్రు ఎత్తుతుంటే, అమ్మా అమ్మా అని ఆ బురదకే చెప్పుకుంటుంటే, చూసేవాడు ఎటు తిరగాలి? తాగటానికి నీళ్లు లేవు. పొయ్యికి ఎండుపుల్ల లేదు. పిల్లలకు కక్కుళ్లు పట్టుకున్నాయి. ఎత్తిన మట్టి ఎక్కడ పొయ్యాలని ప్రశ్న వచ్చింది. వీధి చివర మల్లప్ప ఇల్లు ముందుభాగం కూలి దిబ్బై ఉంది, బీగం వేసిన తలుపు ఆ దిబ్బ కింద ఎక్కడో ఉంది, మనుషులు లేరు, ఇంక ఆ ఇంటికి ఎవరొస్తారు? అక్కడ పొయ్యండి అన్నాడు కులపెద్ద వీరన్న. ముప్పై ఇళ్ల బురద గంపలకెత్తి రోజంతా అక్కడే పోశారు. సోమప్ప ఇంటి బురద కూడా అక్కడికే పోయింది, ఈరమ్మ మోసింది.

ఆ సాయంత్రం పొద్దు గుంకుతుండగా గంప దింపుకుంటున్న ఈరమ్మకు ఒక చప్పుడు వినిపించింది. పెరటి వైపునుంచి, బావి నోట్లోనుంచి.

టక్ టక్... టక్.

గంప అక్కడే పారేసి వచ్చింది. నమ్మనివాళ్లు నలుగురు పోయారు, నమ్మి తిరిగి వచ్చారు. బావి సగానికి ఒండ్రునీళ్లు, ఆ నీళ్ల కిందినుంచో, చుట్టూ కట్టిన ఒర రాళ్లలోనుంచో, మల్లప్ప మగ్గం నేస్తోంది. పోలిక కాదు, అదే దెబ్బ, అదే కుంటి ఆగుడు. రెండేళ్లు, పదేళ్లు, ముప్పై ఏళ్లు విన్న చెవులు పొరపాటు పడతాయా? నేతగాళ్ల చెవులు! చీర పూర్తి కాలేదు, మహర్నవమి ఇంక ఐదు రోజులుంది, ఆయన గుంట ఒండ్రుతో నిండిపోయింది, కాబట్టి తను చచ్చిన బావిలోనే మగ్గం వేసుకున్నాడు అన్నాడు వీరన్న. ఇందులో ఎక్కడైనా తప్పు కనిపిస్తోందా మీకు? నమ్మకం అన్నాక దానికీ ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్క ప్రకారం అంతా సరిగ్గానే సరిపోయింది.

సోమప్ప ఆదివారం తెల్లవారి వచ్చాడు, రాత్రంతా వంకగట్టునే ఉన్నాడు కాబట్టి ఆలస్యంగా తెలిసింది. ఒళ్లంతా ఎండిన బురద, కంపలు గీరిన చేతులు. ఒంటరిగా బావి దగ్గరికి పోయి ఒర మీద చేతులు ఆనించాడు. రాతిలో దెబ్బ తగిలింది, చెవికంటే ముందు అరచేతికి తగిలింది. ఒర మీదికి వంగాడు.

అన్నా, అన్నాడు.

దెబ్బ ఆగింది.

అన్నా, నేను సోమాను. చీర నేస్తానన్నా, నీ మడమ గుంత చూసి కూర్చోలేకపోయినా, అంతే గానీ మరిచిపోలేదు. వదినెను, పాపను వెతుకుతాండా. దొరకలేదన్నా. రెండు దినాల నుంచి వెతుకుతాండా. నాకు ఇంకొక్క దినం ఇయ్యి, ఇద్దర్నీ తెచ్చి నీ పక్కన కూర్చోబెడతా.

అప్పుడు మొదలైంది చూడండి, దెబ్బ మీద దెబ్బ, ఆగుడు లేదు, వరస లేదు, పిచ్చిపట్టినట్టు టకటకటకటకమని, ఒర రాళ్ల సందుల్లోనుంచి మట్టి రాలేటట్టు. కాసేపటికి అలిసిపోయినట్టు నెమ్మదించి మళ్లీ పాత దెబ్బ. టక్ టక్... టక్. సోమప్ప వెనక్కి పాకుకుంటూ వచ్చాడు. పిల్ల దొరకలేదంటే అన్నకు ఎంత కోపమొచ్చిందో చూశారా అని వచ్చి చెప్పాడు. వానకు తడిసి ఆయనకు అప్పటికే జ్వరం, పళ్లు కొట్టుకుంటున్నాయి. ఈరమ్మ ఆయన్ను కుదిపి, నీకు బతికున్న పిల్లోళ్లు ముగ్గురుండారు, వాళ్లకు గుక్కెడు నీళ్లు యాడ తేవాలో సూడు, సచ్చినోళ్లతో మాటలు తర్వాత అని తిట్టింది. తిట్టిందని ఆమెను ఏమనకండి, ఆమె చంకలో ఉన్న చిన్నది అప్పటికి రెండు రోజులుగా కక్కుతోంది.

ఆ మధ్యాహ్నం వీధి అంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకడు, నెమ్మదస్తుడే, మట్టి తీసి చూద్దామా అన్నాడట. ఏం చూస్తావ్, చచ్చినోడు నేస్తాంటే ఎదురుగా కూర్చుని కండెలందిస్తావా అన్నాడు ఇంకొకడు. అంత ఏడుపులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ దెబ్బ అట్లాగే వినపడుతుంటే ఎవరూ పనిచెయ్యలేకపోతున్నారు, ఆడవాళ్లు ఆ చివరకు మట్టి మొయ్యం అంటున్నారు, మొయ్యకపోతే ఇళ్లు బాగవవు, ఇళ్లు బాగవకపోతే పిల్లలు బతకరు. కాబట్టి బావి నోరు మూద్దామన్నాడు వీరన్న. నవమి నాడు పూజ చేసి సోమప్పతో చీర నేయించి, అప్పుడు తెరుద్దాం, అంతదాకా ఆయన్ను కాస్త ఆగమందాం.

గంజి పెట్టిన నూలు ఆరబోసే పెద్ద బండ ఒకటి వరదకు పక్కకు జరిగి పడి ఉంది. దాన్ని పదిమంది కలిసి దొర్లించారు. ముందు పట్టాల్సింది రక్తసంబంధం ఉన్నవాడు, అంటే సోమప్ప. పట్టాడు. బండ ఒర మీదికి ఎక్కుతుంటే కింద దెబ్బ మళ్లీ వేగం అందుకుంది. కాస్త ఓర్చుకో అన్నా, అని గొణుగుతూనే తోశాడు. బండ కూర్చున్నాక పసుపునీళ్లు చల్లారు. దెబ్బ ఆగలేదు గానీ బండకు చెవి ఆనిస్తే తప్ప వినపడటం లేదు. ఎవరూ ఆనించలేదు. సోమప్ప మళ్లీ వంకగట్టుకు పోయాడు.

సోమవారం పన్నెండు దాటాక వంక నడుము లోతుకు వచ్చింది. అవతలి గట్టు నుంచి తాడు పట్టుకుని నలుగురు మనుషులు దాటుతున్నారు, వాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. ఇవతల ఇసుకలో చేతులు పెట్టి వెతుకుతున్న సోమప్ప తల ఎత్తి చూశాడు. గౌరమ్మ. ఆయనకు ముందు భయం కూడా వెయ్యలేదట, అమ్మయ్య ఒకరు దొరికారు అనుకున్నాడట. ఆమె నీళ్లలోనుంచే అరుస్తోంది, సోమప్పా, పాప బాగుందా, పాప బాగుందా అని.

పాప నీతోనే కదా వదినా వచ్చింది?

ఆమె గట్టెక్కి ఆయన భుజాలు పట్టుకుంది. దస్తగిరి తనను చీకటి పడకముందే అవతల దించి, ఇల్లు చేరాలని ఖాళీబండితో తిరిగిపోయాడని చెప్పింది. బండిలో తానొక్కతే. చౌడి ఇంట్లోనే ఉంది. తానే లోపల పెట్టి బీగం వేసి పోయింది. ఎందుకు? చీర కోసం. నవమి దగ్గరకొచ్చింది, మరిది కూర్చోడు, అడగాలంటే ఆయన కళ్లలో నీళ్లు. వానపడుతుంటే మగ్గం చప్పుడు వీధికి వినపడదు, మనుషులు లేని ఇల్లని ఎవరూ తలుపు తట్టరు, రాత్రికి రాత్రి పూర్తి చేస్తానమ్మా అనింది చౌడి.

చౌడి నేస్తుందా, అన్నాడు సోమప్ప.

రెండేండ్ల నుంచి నేసింది అదే కదప్పా, అనింది గౌరమ్మ. మీయన్న కాలు ఇంకా ఈడ్చుకుపోయి తొక్కలేక రెండేండ్లాయె. ఎవరికీ తెలియకూడదని పాపకు ఆయనే నేర్పినాడు, మాదిరి కూడా ఆయన మాదిరే కొట్టమని, కుంటి దెబ్బ తప్పిందంటే వీధికి తెలిసిపోతాదని, పక్కన కూర్చుని తొడ మీద వేళ్లతో కొట్టి కొట్టి నేర్పినాడు. మీరంతా వినింది దాన్నే.

ఇప్పుడు ఆ సోమప్ప స్థానంలో మీరుండి చూడండి. నేను చెప్పలేను.

ఆయన పరిగెత్తింది ఇంటి దిబ్బ దగ్గరికి కాదు, బావి దగ్గరికి. బండ ఒక్కడు కదిలించేది కాదు, ఒక రాయి తీసుకుని దాని మీద కొట్టాడు. టక్ టక్... టక్. చెవి ఆనించాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఆనించాడు. వీధి జనం గంపలు దించి చూస్తున్నారు, సోమప్పకు దయ్యం పట్టింది అనుకుంటున్నారు. చౌడీ, చిన్నాన్నను, కొట్టమ్మా, ఒక్కసారి కొట్టమ్మా అని ఆయన ఆ బండ మీద పడి కొడుతూనే ఉన్నాడు. వెనకనుంచి గౌరమ్మ వచ్చింది. ఆమెను చూసి దయ్యమనుకుని పరిగెత్తబోయిన వీరన్న చెయ్యి పట్టుకుని, నా కూతురు లోపలుంది మామా, తవ్వండి అనింది. అంతే. ఎవరి గుంట ఎవరు తవ్వాలి, పార పెట్టాలా దోసిలి పెట్టాలా అనే కట్టడులన్నీ ఆ పూట ఎక్కడికి పోయాయో, పారలు, గడ్డపారలు, పళ్లేలు, ఏది దొరికితే అది. రెండు రోజులు ముప్పై ఇళ్ల వాళ్లు మోసి పోసిన మట్టి. పోసినంత తొందరగా రాదు కదా మట్టి.

కాలేజీలో మాకు ఫిజిక్సు చెప్పినాయన ఒకాయన ఉండేవాడు, పట్టాకు చెవి ఆనిస్తే రాబోయే రైలు గాలికంటే ముందు ఇనుములో వినపడుతుందని చెప్పేవాడు, రాయి కూడా అంతే అనేవాడు. మల్లప్ప ఇంటి వెనకగోడ పునాదీ బావి ఒరా ఒకే కట్టడం. ముందు మిద్దె కూలినప్పుడు దూలాలు వెనకగోడకు వాలి ఒక గూడులాగా ఏర్పడ్డాయి, మగ్గం గుంజలు వాటిని మోశాయి. నీళ్లు పెరిగితే అటక ఎక్కి బతికి, ఆ గూట్లో చిక్కుకుపోయింది చౌడి. పైన రెండు గజాల మట్టి, అరిచి అరిచి గొంతు పోయి ఉంటుంది, అరిచినా మట్టి తాగేస్తుంది. పలక ఊడి చేతికొచ్చింది, దాంతో గోడరాయిని కొట్టింది. ఎట్లాగైనా కొట్టొచ్చు కదా? ఈ ఇంటి మనిషిని అని తెలియాలి అనుకుంది. తెలియటానికి ఆ అమ్మాయికి తెలిసిన గుర్తు అదొక్కటే.

పొద్దు వాలేముందు దూలం కిందినుంచి చెయ్యి కనిపించింది. చేతిలో పలక. అరచేయి చర్మం లేదు. గౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుని, వేళ్లు వంగుతా ఉండాయి, మెత్తగా ఉండాయి అని కేక పెట్టింది. మెత్తగానే ఉన్నాయి. వైద్యం తెలిసిన ముసలాయన నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, తర్వాత ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. ప్రాణం పోయి పూట కూడా కాలేదు అన్నాడు. అంటే బండ వేసినప్పుడు ఉంది. ఆ రాత్రీ ఉంది. తెల్లవారాకా ఉంది.

చీర పూర్తయింది. నీళ్లు రాకముందే పూర్తి చేసి, మగ్గం నుంచి కోసి, మడతపెట్టి, తడవకుండా అటక మీది ఇత్తడి కాగులో పెట్టి మూత పెట్టింది. ఆడపిల్ల నేసింది, అమ్మవారికి కట్టొచ్చునా అని వీరన్న అడగబోయి ఆపుకున్నాడు. దాన్నే చౌడికి కట్టి, మర్నాడు పొద్దున కూర్చోబెట్టారు.

కానీ మీరు అడిగింది బావి కథ. అది ఇంకా అయిపోలేదు.

చౌడిని వెలికితీసిన ఆ సాయంత్రమే, శవాన్ని బడి మిట్టకు మోసుకుపోతుంటే, వెనకనుంచి బావిలో చప్పుడైంది. బండ కప్పే ఉంది, ఇంట్లో మనిషి లేదు, పలక గౌరమ్మ చేతిలో ఉంది. టక్ టక్... టక్. మోసేవాళ్లు పరిగెత్తినంత పనిచేశారు. సోమప్ప నిలబడిపోయాడు. గౌరమ్మ ఒక్కతే తిరిగిపోయి బండ మీద చెవి పెట్టింది, అలికిడి చెయ్యద్దని చెయ్యి ఎత్తి చూపింది. చాలాసేపు విన్నది. వీధికంతా ఒకటే దెబ్బ అనిపించింది గానీ, రెంటినీ ఒకే ఇంట్లో పక్కన కూర్చుని విన్న మనిషి ఆమె ఒక్కతే. చౌడి ఆగుడు నేర్చుకున్న ఆగుడు, లెక్కపెట్టినట్టు ఎప్పుడూ ఒకటే. ఆయన ఆగుడు నొప్పిని బట్టి ఉండేది, ఒకసారి చిన్నది, ఒకసారి పెద్దది.

ఇది పాప కాదు, ఆయనే, అనింది గౌరమ్మ. తర్వాత బండ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, ఇప్పుడా వచ్చేది, అనింది. అక్కణ్నుంచి లేచి వెనక్కి చూడకుండా మిట్ట ఎక్కింది.

ఆ తర్వాత ఏ వానాకాలమూ ఆ బావి ఊరికే లేదు. విన్నవాళ్లు చెప్పేది, దెబ్బలో ఒక వెతుకులాట ఉంటుందని. ఒర రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తట్టి చూసినట్టు, ఇక్కడా, ఇక్కడా అని అడిగినట్టు. తర్వాతి ఎండాకాలం సోమప్ప మనుషుల్ని పెట్టి బండ తీయించబోయాడు. మూల పగిలింది గానీ కదల్లేదు.

ఇంక ఎవరికి ఏం వచ్చిందంటే, మల్లప్ప ఇంటి స్థలం గౌరమ్మకు వచ్చింది. ఆమె ఆ స్థలంలో మళ్లీ కాలు పెట్టలేదు, పుట్టింట్లో కూలినాలి చేసుకుని బతికింది, పోయాక అది ఆమె అన్నకొడుకులకు దక్కింది. వాళ్లు ఒక సాయంత్రం చూడటానికి వచ్చారు, కాసేపు నిలబడ్డారు, ఆ తర్వాత రాలేదు. సోమప్ప జ్వరం తగ్గి లేచాక గుంటలో కూర్చోలేదు. మరుసటి దసరాకు పెద్దకూతుర్ని తన గుంటలో కూర్చోబెట్టాడు, వీధి చూస్తుండగా, తలుపు బార్లా తెరిచి. వీరన్న అటుగా పోతూ చూశాడు, చూసి తన దారిన పోయాడు. ఆ మగ్గం ఆ పిల్లకే వచ్చింది, కొడుకులకు పొలం వచ్చింది. దస్తగిరి కొడుక్కి మిగిలిన ఒక ఎద్దు వచ్చింది. చౌడి రెండేళ్లు నేసిన చీరలు మల్లప్ప నేత అని పేరు తెచ్చుకుని ఎవరెవరి ఒంటి మీదో చిరిగిపోయాయి, ఆమె పేరు మీద మూర గుడ్డ మిగల్లేదు. బావి ఎవరి వాటాకూ రాలేదు. కాబట్టి అటు పోవద్దు. ముఖ్యంగా వానలో. ఆయన వెతుకుతున్నది మిమ్మల్ని కాదు, పోయి అడ్డం నిలబడొద్దు.